అద్దాల పెట్టెలో పసుపు గొడుగులు

మా అక్క కూతురు తన టరాంటులాను మా ఇంట్లో దించడానికి వస్తున్న రోజు, మా అమ్మ ఏమంటుందోనని పొద్దుట్నుంచీ నాకు గుబులుగానే ఉంది. అరచెయ్యంత సాలెపురుగు అది. ఒళ్ళంతా నూగు. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. కంపెనీవాళ్ళు నాలుగు నెలల ట్రైనింగుకి పూణే పంపిస్తున్నారు. హాస్టల్లో దాన్ని చూసుకునేవాళ్ళు దొరకలేదు. వాళ్ళమ్మని అడిగితే, "అది గడప లోపలికొస్తే నేను గడప బయటికి పోతా" అందట. ఇంక మిగిలింది పిన్నిని నేనే. మేం ఉండేది జగ్గయ్యపేటలో. నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో నేను బోటనీ చెబుతా.

గరికపాడు చెక్‌పోస్టు దాటగానే ఫోన్ చేసింది. హైవే మీద దిగి ఆటోలో వచ్చింది. ఒళ్ళో అద్దాల పెట్టె, దాని మీద చున్నీ. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చున్నీ తీయగానే వంగి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూసింది.

"సాలెపురుగే కదే. దాని పాటికి అది ఉంటది. మనం దాని జోలికి పోకపోతే అది మన జోలికెందుకొచ్చుద్ది?" అని మళ్ళీ కాయలు అందుకుంది.

నా గుబులు తీరిపోయింది. పెట్టె నడిమింట్లో, అమ్మ మంచానికి ఎదురుగా ఉన్న అరలో పెట్టాం. పిల్ల జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించింది. వారానికోసారి తిండి. చిన్న గిన్నెలో నీళ్ళు. అడుగున పరిచిన కొబ్బరి పొట్టు ఒక మూల కాస్త తడిగా ఉండాలి. చెయ్యి మాత్రం పెట్టొద్దు, ఒంటి మీది నూగు గుచ్చుకుంటే దురద. అంతే.

ఆ జూన్‌లో మా ఊళ్ళో ఎండ ఇంకా తగ్గలేదు. సాయంత్రం ఆరింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే కాలేది. పరాయి సొమ్ము, నా చేతిలో చచ్చిపోతే ఎట్లా అని, కాగితంలో ఏం రాసుందో మర్చిపోయి రోజూ స్ప్రే సీసాతో పెట్టె అంతా తడిపేదాన్ని. తర్వాత వానలు పట్టాయి. అయినా నా చెయ్యి ఆగలేదు.

జూలై చివర్లో ఒకరోజు కాలేజీకి బయల్దేరుతూ పెట్టెలోకి తొంగి చూశా. బెరడు ముక్క పక్కన కొబ్బరి పొట్టులోంచి అగ్గిపుల్ల తలలంత ఉన్నవి నాలుగు పైకొచ్చి ఉన్నాయి. నిమ్మపండు పసుపు రంగు. అవేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతిలో క్యారేజీ అలాగే పట్టుకుని నిలబడిపోయా.

ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడు మేం వీరులపాడు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా కూలికెళ్ళేవాళ్ళు. నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. అక్క అప్పుడు అమ్మమ్మ వాళ్ళింట్లో ఉంది. ఉరుములతో వాన కురిసిన మర్నాడు అమ్మ పత్తి చేలో కలుపుకెళ్ళి, వస్తూ వస్తూ గట్టు మీద మొలిచిన పుట్టగొడుగులు కొంగులో వేసుకొచ్చింది. అది కొత్తేమీ కాదు, ప్రతి వానాకాలం తెచ్చేది. ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు వేసి వండింది. నాకు జ్వరం. రాగి జావ తప్ప ఏమీ పెట్టలేదు. కూర వాసనకి నేను ఏడ్చానని గుర్తు. తమ్ముడు నా ముందే కూర్చుని వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు.

ఆ పూట ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు తెల్లవారాక మొదలయ్యాయి వాంతులు. ముందు నాన్నకి, తర్వాత తమ్ముడికి, తర్వాత అమ్మకి. పక్కింటివాళ్ళు ట్రాక్టరు ట్రక్కులో నందిగామ తీసుకెళ్ళారు. మధ్యలో ఒకరోజు తమ్ముడు తేరుకున్నట్టే కనిపించాడట, బన్ను కావాలని అడిగాడట. మూడో రోజు పోయాడు. అమ్మా నాన్నా బతికారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. పెళ్ళి భోజనాల్లో పుట్టగొడుగుల కూర వడ్డిస్తుంటే అమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసేది. నాన్న పోయేదాకా కూడా వాళ్ళిద్దరూ దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. నేను రోజూ బస్సెక్కి వెళ్ళొచ్చే నందిగామకి అమ్మ ఒక్కసారి కూడా రాలేదు. కాలేజీ చూద్దువుగాని రమ్మంటే, "ఏముంటదిలే అక్కడ" అనేది. నాకు కూడా పుట్టగొడుగుల్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. శిలీంధ్రాల పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, గబగబా తుడిచేస్తా.

అలాంటివి ఇప్పుడు అమ్మ మంచానికి ఎదురుగా మొలిచాయి.

ఆ పూట చేతికందిన న్యూస్‌పేపరు అద్దానికి అడ్డంగా అంటించా.

"ఏంటే అది?" అని అమ్మ మంచం మీద నుంచే అడిగింది.

"దానికి వెలుతురు పడదటమ్మా."

"ఇన్నాళ్ళూ పడిందిగా?" అంది. నేను వినపడనట్టు చెప్పులేసుకుని వచ్చేశా.

కాలేజీ వరండాలో నిలబడి పూణే ఫోన్ చేశా. పిల్ల నవ్వింది.

"అదా పిన్నీ. కోకోపీట్‌లో తడెక్కువైతే వస్తాయి. మామూలే. రోజూ నీళ్ళు కొడుతున్నావు కదా?"

"విషమేమోనే?"

"దానికేమీ కాదు. అది వాటిని తినదు, ముట్టుకోదు. చిన్నగా ఉన్నప్పుడే పీకెయ్. గొడుగు విచ్చుకుంటే బీజాలు రాల్తాయి, మళ్ళీ వస్తాయి. నీళ్ళు ఆపెయ్. కాస్త గాలాడనీ. నీకు నేను చెప్పాలా, నువ్వు బోటనీ మేడమ్‌వి."

"ఇంట్లో అమ్మమ్మ ఉంది."

మేనమామ ఒకడుండేవాడని, ఏదో తిని చనిపోయాడని వాళ్ళమ్మ ఎప్పుడో చెప్పిందట. అంతకుమించి తెలీదు.

"అమ్మమ్మకి చెప్పెయ్యి పిన్నీ."

"చెప్పలేనే" అన్నా.

బుధవారం మధ్యాహ్నాలు చర్చిలో స్త్రీల కూడిక ఉంటుంది. అమ్మ తప్పకుండా వెళ్తుంది. ఆ బుధవారం సెలవు పెట్టా. ల్యాబు నుంచి తెచ్చిన పొడుగాటి ఫోర్సెప్స్, చేతులకు గ్లవుజులు, ముక్కుకి మాస్కు. వంటింటి తలుపు మూశా, ఎందుకో తెలీదు. మూత తీయగానే తడి మట్టి వాసన గుప్పున కొట్టింది. చేలో గట్టు వాసన. సాలెపురుగు బెరడు కింద నుంచి ముందు కాళ్ళు రెండూ బయటపెట్టి కదలకుండా ఉంది. దాని వంక చూడాల్సిందిపోయి నేను ఆ పసుపు వాటి వంకే చూస్తున్నా. అప్పటికి ఏడయ్యాయి. పట్టుకుంటే ఎంత మెత్తగా ఉన్నాయో ఫోర్సెప్స్‌లోంచి కూడా తెలిసింది. ఒక్కోటీ పీకి ప్లాస్టిక్ కవర్లో వేశా.

వాటిని మా చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పలేదు. కవరు మీద కవరు చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మర్నాడు కాలేజీకి తీసుకెళ్ళా. బస్సులో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, బ్యాగు కాళ్ళ దగ్గర దూరంగా పెట్టా. కాలేజీ వెనక చెత్త తగలబెట్టే గుంటలో వేసి, అంటుకునేదాకా నిలబడి చూసి వచ్చా. అంతా అయ్యాక కూడా మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు.

రెండు రోజులకి మళ్ళీ వచ్చాయి. పీకింది పైకి కనపడేదాన్నే. లోపల పొట్టు నిండా తెల్లటి దారాలు అల్లుకుని ఉంటాయి, అవే అసలు జీవి. ప్రతి ఏడాదీ పిల్లలకి నేను చెప్పే మాటే అది.

మొత్తం పొట్టు తీసేసి పొడిది పరుద్దామని నిర్ణయించుకున్నా. సరిగ్గా అప్పుడే సాలెపురుగు తిండి మానేసింది. పురుగుని వేస్తే దూరంగా జరుగుతోంది. వెనక భాగం నల్లగా మారింది. వీడియోలో చూపిస్తే పిల్ల, "ముట్టుకోకు పిన్నీ" అంది. "కుబుసం విడవబోతోంది. వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందనుకునేవు. ఆ టైమ్‌లో మూత తియ్యొద్దు, కదపొద్దు. ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, ఏ కొంచెం తగిలినా పోతుంది."

"మరి అవి పెరుగుతున్నాయే?"

"పెరగనీ. పది రోజులు ఓపిక పట్టు."

ఆ పది రోజులూ ఇంట్లో దొంగలా తిరిగా. అమ్మ చూడకుండా పేపరు చివర ఎత్తి చూడటం, మళ్ళీ అంటించడం. మా ఆయనకి ఒక్కడికే చెప్పా. ఆయన ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తారు. "దాన్ని తీసుకెళ్ళి మా క్వార్టర్స్‌లో ఎవరింట్లోనైనా పెట్టనా?" అన్నారు. కదపకూడదు కదా అన్నా. "అయితే మీ అమ్మ చూస్తే చూడనియ్యి. నలభై ఏళ్ళయింది" అన్నారాయన. ఆయన ఆ ఇంట్లో పుట్టలేదు.

శుక్రవారం పొద్దున పేపరు ఎత్తి చూస్తే సాలెపురుగు వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్ళు ఎనిమిదీ గాల్లోకి లేచి ఉన్నాయి. తన కింద తెల్లటి పక్క లాంటిది అల్లుకుంది. దాని చుట్టూ గొడుగులు విచ్చుకుని ఉన్నాయి. లెక్కపెట్టా, తొమ్మిది. చిన్న పిల్లాడి వేలంత పొడుగు. పసుపు రంగు పొడి లాంటిది కింద రాలి ఉంది. ఆ రోజు కాలేజీలో యూనిట్ టెస్టు, వెళ్ళక తప్పదు. పేపరు నాలుగు వైపులా టేపు వేసి వెళ్ళా.

నాలుగున్నరకి ఇంటికొచ్చా. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. నడిమింట్లో అమ్మ లేదు. మంచం మీద న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది. పెట్టె మూత వంకరగా ఉంది. లోపల సాలెపురుగు పక్కకి ఒరిగి ఉంది. దాని పక్కనే దానిలాంటిదే ఇంకోటి, ఉత్త డొల్ల. గొడుగులు లేవు. ఒక్కటి కూడా లేదు.

అమ్మా అని పిలిచా. పలకలేదు. పెరట్లోకి పరిగెత్తా.

పంపు దగ్గర పీట మీద కూర్చుని చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. దద్దుర్లు. ఉండుండి దగ్గుతోంది. ఒక కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది.

"ఏం చేశావమ్మా?"

"తీసేశా" అంది. నా వంక చూడలేదు.

"దేంతో తీశావు?"

"చేత్తోనే."

"ఎక్కడ పడేశావు?"

గడ్డంతో నీళ్ళ పొయ్యి వైపు చూపించింది. నేను పుల్ల తీసుకుని బూడిద కెలికా. తడి వస్తువులు, సరిగ్గా కాలలేదు. ముడుచుకుపోయి, నల్లగా, జిగురుగా ఉన్నాయి. బూడిదంతా బయటికి లాగి వేరు చేశా. ఆరు దొరికాయి. మళ్ళీ వెతికా. ఆరే.

ఆమె ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నా.

"అమ్మా, నోట్లో పెట్టుకున్నావా?"

వెంటనే లేదనలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, "పెట్టుకుంటే ఏమవుద్ది ఇప్పుడు?" అంది.

ఆటో పిలిచి మా ఊళ్ళోనే దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క ఊపిరిన అన్నీ చెప్పా. గొడుగులు, సాలెపురుగు, పొయ్యి, ఆరు, తొమ్మిది. ఆయనకి ముందు అర్థం కాలేదు.

"అమ్మా, మీరు ఏమన్నా తిన్నారా?" అని అమ్మని అడిగారు.

"ఏమీ తినలేదయ్యా."

ఆయన నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపా, నాకు తెలీదని. పూణే వీడియో కాల్ చేసి అమ్మ చేతులు చూపించా. పిల్ల మొహం మారిపోయింది.

"అది గొడుగుల వల్ల కాదు పిన్నీ. దాని నూగు. కుబుసం విడిచే పక్కలో అంతా అదే ఉంటుంది. అమ్మమ్మ చెయ్యి అందులో పెట్టింది. రుద్దొద్దని చెప్పండి. ప్లాస్టరు అంటించి లాగితే వస్తాయి."

డాక్టరు అలాగే చేశారు. ప్లాస్టరు ముక్క వెలుతురుకి పెడితే సన్నటి ముళ్ళలాంటివి మెరిశాయి. కన్ను కడిగారు, దురదకి ఇంజక్షన్ ఇచ్చారు. దద్దుర్లకి భయం లేదన్నారు. "కానీ రెండోదాని సంగతి నేను చెప్పలేను మేడమ్. ఆ పసుపు రకం ప్రాణం తీసేంతది కాకపోవచ్చు. అది అదేనని ఎవరు చెప్పాలి? తిన్నారన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా పెద్దాసుపత్రిలో ఒకరోజు ఉంచండి. రక్తం చూడాలి. రేపు మళ్ళీ చూడాలి."

దగ్గర్లో ఉన్నది నందిగామే.

కారు మాట్లాడా. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి నేరుగా అక్కడికే వస్తానన్నారు. హైవే మీద అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఊరు దగ్గరపడి మొదటి ఇళ్ళు కనపడగానే నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళ ఎముకలు నొప్పి పుట్టేంతగా పట్టుకుంది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగిపోయింది. "ఇంటికి పోదామే. నాకేమీ కాలేదు" అంది. చిన్నపిల్లని నడిపించినట్టు నడిపించా.

మంచం ఇచ్చారు, రక్తం తీసుకున్నారు. కిటికీ అవతల ఇంకా వెలుగుంది. వార్డులో మధ్యలో ఒక మంచం ఖాళీగా ఉంది, దాని అవతల ఎవరో ముసలాయన నిద్రపోతున్నాడు. నేను స్టూలు మీద కూర్చున్నా. ఆమె నోటి వైపు చూస్తున్నా. ఉమ్మి మింగినా, దగ్గినా స్టూలు ముందుకి జరుపుతున్నా. ఆ రోజు కూడా మొదటి పూట ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఏమీ కాకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

అమ్మే మొదలుపెట్టింది. గోడకేసి చూస్తూ చెప్పింది.

"నేను వాటిని మొదటి బుధవారం కూడికకి పోయేముందే చూశానే. నువ్వు పేపరు ఎందుకు అంటించావో అప్పుడే తెలిసింది. కూడిక నుంచి వచ్చేసరికి నువ్వు గ్లవుజులు ఉతుకుతున్నావు. నీ మొహం చూసి ఊరుకున్నా."

దుప్పటి ఆమె కాళ్ళ మీదికి లాగా.

"ఆ రోజు చేలో నాకు అనుమానమొచ్చింది. నాలుగో అయిదో తేడాగా ఉన్నాయి. కాడకి ఉంగరంలాగా ఉంది. మామూలువాటికి అట్లా ఉండదు. తీసేద్దామనుకున్నా. మళ్ళీ వాసన చూశా, బానే ఉంది. కూర తక్కువవుద్దని కలిపేశా."

"నీకు తెలీదు కదమ్మా."

"విను" అంది. "వాడు ఇంకొంచెం పెట్టమన్నాడు. గిన్నెలో అయిపోయింది. నా కంచంలో ఉన్నవి ఏరి వాడికి పెట్టా. వాడు తిన్నాడు. అందుకే నేను బతికా."

నలభై ఏళ్ళుగా మా అమ్మ ఆ మాట ఒంటరిగా మోసింది. నాన్నకి కూడా చెప్పలేదట. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయా. దద్దుర్లున్నాయని గుర్తొచ్చి, మోచేతి పైన పట్టుకున్నా.

"ఇవాళ ఏం చేశావో చెప్పమ్మా. నిజం చెప్పు."

"పేపరు విప్పా. నువ్వు ఊరికే భయపడి చస్తున్నావని తీసేద్దామనే విప్పా. అన్నీ పీకా. ఒకటి చేతిలో మిగిలింది." అరచెయ్యి విప్పి చూసుకుంది. "రుచి చూడాలనిపించింది. చావాలని కాదు. వాడికి ఏం రుచి తగిలిందో. నాకు ఆ రుచి గుర్తు లేదే. ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. పెదాల దాకా తెచ్చా."

"పెట్టుకున్నావా?"

"లేదు. అప్పుడే ఆ పురుగు కదిలింది. చచ్చిందనుకున్నా నేను. ఒక్కో కాలూ లాక్కుంటా, పాత తోలులోంచి బయటికొస్తా ఉంది. ఎంత కష్టపడిందో. మంచం మీద కూచుని చూస్తా ఉన్నా. ఎంతసేపు చూశానో తెలీదు. చేతిలోది నలిగిపోయింది. తీసుకెళ్ళి పొయ్యిలో వేశా."

"ఆరే ఉన్నాయమ్మా పొయ్యిలో. పొద్దున నేను తొమ్మిది లెక్కపెట్టా."

నా వంక తిరిగి చూసింది. కోపం లేదు, అలసట ఉంది. "నాకు లెక్క తెలీదు. తినలేదని చెబుతున్నా. నమ్మితే నమ్ము."

నమ్మాననుకున్నా. నమ్మినా భయం పోలేదు. తెల్లవార్లూ మా ఆయనా నేనూ వంతులవారీగా మేలుకున్నాం. రాత్రి రక్తపరీక్షలో అంతా మామూలుగానే ఉందని నర్సు చెప్పింది. అది మొదటి పరీక్షేనని నాకు తెలుసు. పొద్దున అమ్మ కాఫీలో బిస్కెట్టు ముంచుకుని తింటుంటే నేను ఆమె గొంతునే చూస్తున్నా. "అట్లా చూడబాకే, దిగట్లేదు" అంది. పదకొండింటికి కడుపులో ఏదోలా ఉందంది. నేను లేచి నిలబడ్డా. నర్సు కోసం వరండాలోకి పరిగెత్తా. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి పొట్ట నొక్కి చూసి, నిన్న మధ్యాహ్నం నుంచి సరిగ్గా తినలేదు, గ్యాసు అంది. ఆమె అంత తేలిగ్గా చెప్పడం నాకు ధైర్యమివ్వలేదు. మధ్యాహ్నం రెండోసారి రక్తం తీశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా గడిచిన రెండు గంటలు నేను వరండాలో ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి నడిచా. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు.

బాగానే ఉంది. సాయంత్రం పంపించేశారు.

అయినా మూడో రోజు గడిచేదాకా నేను కాలేజీకి వెళ్ళలేదు. అమ్మ ఎటు తిరిగితే అటు తిరిగా. ఆదివారం చర్చిలో పక్కనే కూర్చుని, పాట పాడుతుంటే గొంతు బలంగా ఉందా లేదా అని విన్నా. తక్కిన మూడు గొడుగులు ఏమయ్యాయో ఇప్పటికీ తెలీదు. పూర్తిగా కాలిపోయి ఉండొచ్చు. ఆ పొద్దున భయంలో నేనే తప్పు లెక్కపెట్టి ఉండొచ్చు.

సాలెపురుగు బతికింది. పది రోజులయ్యాక, దాని కోరలు మళ్ళీ గట్టిపడి నల్లబడ్డాయని వీడియోలో చూసి పిల్ల సరేనంది. అప్పుడు పొట్టు మార్చాం. నేను సాలెపురుగు మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించా, అమ్మ కింద అట్టముక్క దూర్చింది. ఈసారి ఇద్దరం గ్లవుజులు వేసుకున్నాం, అమ్మ కళ్ళజోడు మీద మా ఆయన ఫ్యాక్టరీలో వాడే అద్దాలు కూడా పెట్టుకుంది. పాత పొట్టు గోతంలో పోసి పెరట్లో గుంట తవ్వి పూడ్చాం. కొత్తది ఎండలో ఆరబెట్టి పరిచాం. మూతకి చిన్న చిన్న బెజ్జాలు ఇంకో పది వేయించా. నీళ్ళ గిన్నె చుట్టూ తప్ప ఎక్కడా తడి తగలనివ్వలేదు. ఆ తర్వాత గొడుగులు రాలేదు. రోజూ పొద్దున్నే చూసేదాన్ని.

అక్టోబరులో పిల్ల వచ్చి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు వాళ్ళమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "నా వల్లే కదా అమ్మమ్మా ఇదంతా" అంది.

"నీ వల్ల ఏముంది? మీ పిన్ని నీళ్ళు ఎక్కువ కొట్టింది" అంది అమ్మ.

తర్వాత ఒక శనివారం, తనే అడిగింది, పల్లెకి తీసుకెళ్ళమని. వీరులపాడు దాటాక ఆటో దిగి నడిచాం. మేం ఉన్న ఇల్లు లేదు, దాని చోట ఎవరిదో డాబా. సమాధుల దొడ్డికి కంచె వేశారు కానీ లోపలంతా సర్కారు తుమ్మ. తమ్ముడి మీద రాయి పెట్టే స్తోమత అప్పుడు మాకు లేదు, ఉత్త మట్టి దిబ్బ. వేపచెట్టుకి తూర్పున అని అమ్మకి గుర్తు. వేపచెట్టు లేదు. చీరకి ముళ్ళు తగులుకుంటున్నా అమ్మ లోపలికి నడిచింది. చిన్న దిబ్బలు రెండు, మూడు ఉన్నాయి. ఏది వాడిదో పోల్చుకోలేకపోయింది. నాకేమీ గుర్తు లేదు, నన్ను అప్పుడు తీసుకురాలేదు. పాముంటుందేమో, కాలు ఎక్కడ పెడుతుందోనని నేను వెనకనే నడుస్తున్నా.

అమ్మ మొదటి దిబ్బ దగ్గర వంగి చెయ్యి ఆనించింది. కాసేపయ్యాక లేచి రెండోదాని దగ్గరికెళ్ళి అక్కడా ఆనించింది. మూడోదాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇదేనా అమ్మా?" అన్నా.

"ఏమోనే. ఎవరి బిడ్డైతే ఏంలే" అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాన మొదలైంది. కిటికీ షట్టరు దించబోతే వద్దంది. తడుస్తావమ్మా అంటే, కాసేపే కదా అంది. అరచేతులు ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చుంది, వాటి మీద ఎర్ర మచ్చలు అప్పటికి పూర్తిగా మానిపోయాయి.